తిరగేసిన గుడ్లు

"ఎవరు తిప్పారండీ వీటిని?"

షాలోమి అరుపుకి మార్టిన్ చేతిలో మామిడికాయల ట్రే జారినంత పనైంది.

హనుమాన్ జంక్షన్‌లో జువాలజీ పాఠాలు చెప్పే ఈ అమ్మాయి, ఫారెస్ట్ వాళ్ళ తరఫున పాముల్ని కాపాడుతుంటుంది. మార్టిన్ తోటలో ఎరువు గుంట తవ్వుతుంటే జెర్రిపోతు గుడ్లు బయటపడ్డాయని ఫోన్ చేస్తే ఆమే వచ్చింది. వాటిని తోట షెడ్డులో తడి ఇసుక డబ్బాలో సర్ది, ఒక్కో గుడ్డుకీ పైవైపు పెన్సిల్‌తో గీతలు పెట్టి, "జాగ్రత్తగా చూసుకోండి" అని వెళ్ళింది. అప్పటి నుంచి మార్టిన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆ గుడ్లు ఉన్నన్నాళ్ళే ఆమె వస్తుంది మరి.

ఇప్పుడు గీతలన్నీ కిందికి పోయాయి.

"నేనేనండీ. రోజూ తిప్పుతున్నా. పండడానికి గడ్డిలో ముగ్గేసిన మామిడికాయల్ని తిప్పకపోతే కిందివైపు కుళ్ళిపోతాయి కదా..."

"ఇవి రసాలు కావండీ బాబూ! పాము గుడ్డు తిప్పితే లోపల పిల్ల చచ్చిపోవచ్చు!"

మార్టిన్ ట్రే కింద పెట్టేశాడు.

చీకటి కోసం షెడ్డు తలుపు మూసి, ఆమె ఫోన్ టార్చ్‌ని మొదటి గుడ్డుకి ఆనించింది. పసుపు వెలుగు, అంతే. "ఇది పోయింది."

మార్టిన్ తలుపు దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

"కాస్త ఒక్కచోట నిలబడతారా?"

"నావల్ల కావట్లేదండీ."

"అయితే ఇలా రండి. చూడండి."

రెండో గుడ్డులో సన్నటి ఎర్రని నరాలు. మధ్యలో ఏదో చిన్నగా కొట్టుకుంటోంది. చూస్తూ చూస్తూ ఇద్దరి భుజాలూ తగిలాయి. ఎవరూ జరగలేదు. మిగతావన్నీ బతికే ఉన్నాయి.

"అయినా మిమ్మల్ని నమ్మను. మా ఇంటికి తీసుకెళ్తున్నా."

ఇక ముట్టుకోనని ఒట్టేద్దామనుకున్నాడు. కానీ తన చేతులు ఊరుకోవని తనకే తెలుసు.

"తీసుకెళ్ళండి. వాటికదే మంచిది. కానీ మిమ్మల్ని చూడకుండా ఉండలేనండీ. చెప్పేస్తున్నా."

షాలోమి డబ్బా ఎత్తుకుంది.

"ఇది కదలకుండా నేను పట్టుకోవాలి. నా స్కూటీ ఇక్కడే ఉండనివ్వండి. మీ బైక్ తీయండి."

బైక్ రోడ్డెక్కింది. మార్టిన్ గుండె ఇంజన్ కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

"ఇంట్లో అమ్మ ఉంటుంది. ఇతనెవరని అడుగుతుంది," అంది షాలోమి.

"ఏం చెప్తారు?"

"నాకు నచ్చినవాడని."

బైక్ ఒక్క ఊపు ఊగింది.

"బ్రేక్ వేయకండి! గుడ్లు!"