ఖాళీ గడుల టైమ్‌టేబుల్

నరసాపురం రేవులో ఏరు దాటించే పంటు కదిలాక అవతల సఖినేటిపల్లి ఒడ్డు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి పది నిమిషాలు దొరబాబు టిక్కెట్లు కోస్తాడు. మిగతా పది నిమిషాలు లెక్కలు చేస్తాడు. తొంభై తొమ్మిది నవంబరులో ఒక సోమవారం మాత్రం, నిలబడే నిద్రపోయాడు.

నిద్రపోతే పోయాడు, చేతిలో మూత తీసిన ఎర్రసిరా పెన్ను ఉంది. పక్కన బల్ల మీద తెల్లని మూట ఉంది. గోదావరి ఆ రెండింటినీ కలపాలనుకుందేమో, పంటు చిన్నగా ఒరిగింది.

“అయ్యో! ఏవండీ! లేవండి!”

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒకమ్మాయి. రెండు చేతులా లేసు బట్ట ఎత్తి పట్టుకుని ఉంది. బట్ట మధ్యలో బొట్టుబిళ్లంత ఎర్రటి మరక. బట్ట కన్నాల్లోంచి వెనకనున్న నీళ్లు మెరుస్తున్నాయి.

“ఈ పెన్ను మీదేనా?”

కాదనడానికి దొరబాబుకు దారి కనిపించలేదు. “నాదేనండి. తప్పయిపోయిందండి. సబ్బు పెట్టి ఉతికితే...”

“ఎర్రసిరాని ఉతికితే గులాబీ రంగవుతుంది. తెల్ల లేసు అడిగినవాళ్లకి గులాబీది ఇస్తే తీసుకుంటారా?”

ఇంజను దగ్గర్నుంచి డ్రైవరు చిట్టియ్య అరిచాడు. “ఆడి మీద కోప్పడకమ్మా! మూడు వారాలైంది ఆడికి నిద్రలేక. పదో తరగతి కడతన్నాడు. లెక్కల మీద మూడో దండయాత్ర!”

పంటులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. టిక్కెట్ల పెట్టె మూత లోపలివైపు అంటించి ఉన్న కాగితాన్ని చూస్తోంది.

“తెల్లవారుజామున మూడున్నర, శ్రేఢులు. నాలుగున్నర, మాత్రికలు. రాత్రి పదకొండు, త్రికోణమితి. పన్నెండు, రివిజన్.” పైకి చదివి, అతని వైపు తిరిగింది. “ఇది మనిషి టైమ్‌టేబులా, రైసు మిల్లుదా?”

“నాదేనండి.”

“మిల్లయినా మధ్యలో ఆపి చల్లారనిస్తారండీ.”

ఆమె పేరు దుర్గాశ్రీ. లెక్కల మాస్టారు చంద్రరావుగారి అమ్మాయి. సోమవారం, గురువారం ఏటి అవతలికి వెళ్లి, లేసు అల్లే ఆడవాళ్లకు దారం ఇచ్చి, అల్లిన బట్టలు తెస్తుంది. ఏడాదిగా ఆమెకు టిక్కెట్టు కోస్తున్నా దొరబాబు ఆమె ముఖం సరిగా చూసింది ఆ రోజే. చూడకుండా ఉండాల్సింది అనుకున్నాడు. ఎందుకంటే ఆ రోజు మళ్లీ ఒక్క లెక్కా బుర్రకెక్కలేదు.

గురువారం ఆమె మళ్లీ వచ్చింది. బల్ల మీద కూర్చుని చిన్న కత్తెర తీసింది. మరకపడ్డ పువ్వు చుట్టూ దారాలు ఒక్కొక్కటే తెంపింది. ఆ పువ్వు ఊడి వచ్చింది. దాని చోట ఇంకో పువ్వు పెట్టి, సూదితో అంచులు కలపసాగింది.

“బట్టంతా పోయిందనుకున్నానండి,” అన్నాడు దొరబాబు.

“పువ్వులు విడివిడిగా అల్లి తర్వాత కలుపుతాం. ఒకటి పాడైతే అదొక్కటే మారుస్తాం.” ఎర్రమరక పువ్వును అతని ముందు పెట్టింది. “ఇది మీది. ఉంచుకోండి. అసలు ఇరవై నాలుగేళ్లొచ్చాక ఈ టెన్తు గొడవేంటండీ?”

దొరబాబు చిట్టియ్య వైపు చూశాడు. చిట్టియ్య రెండు చేతులూ చుక్కాని చక్రం మీద ఉన్నాయి.

“జూన్లో చిట్టియ్య బాబాయి మానేస్తాడండి. ఆ చక్రం నాకిస్తానన్నాడు. నడపడం వచ్చు. కానీ లైసెన్సు పరీక్షకి కూర్చోవాలంటే టెన్తు కాగితం కావాలంట. మిగతావన్నీ పాసే, లెక్కలే మిగిలిపోయాయి. మొదటిసారి చదవక పోయింది. రెండోసారి ఇరవై రోజులు నిద్రమాని చదివానండి.”

“మరి?”

“పరీక్ష హాల్లో నిద్రపోయాను. ఆఖరి బెల్లుకి లేపారు.”

ఆమె పెదవులు బిగించింది. నవ్వు ఆగలేదు. తర్వాత ఆ నవ్వు తనే ఆపేసింది. సంచిలోంచి గడుల కాగితం ఒకటి తీసింది. లేసు నమూనాలు గీసుకునే కాగితం అది. నల్లగా నింపిన గడులు కొన్ని, ఖాళీ గడులు కొన్ని.

“నల్లగడి వస్తే దారంతో నింపాలి. ఖాళీ గడి వస్తే కన్నం వదలాలి. కన్నాలు వదలకపోతే ఏమవుతుందో తెలుసా?”

“గట్టిగా ఉంటుందా అండి?”

“గుడ్డవుతుంది. లేసు అవదు.”

ఆ కాగితం వెనకే అతని టైమ్‌టేబుల్ గీసింది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట ఇంటి దగ్గర. పంటు మీద ఒక ట్రిప్పులో ఒక లెక్క. తర్వాతి ట్రిప్పులో పుస్తకం మూసి నీళ్లు చూడటం. తప్పు వస్తే మొత్తం కొట్టేయకుండా, తప్పిన మెట్టు దాకా మాత్రమే వెనక్కి వెళ్లడం. రాత్రి తొమ్మిదిన్నరకి నిద్ర. ఆదివారం వరస మొత్తం ఖాళీ.

“నీళ్లు చూడటం కూడా టైమ్‌టేబులేనా అండి?”

“అదే ముఖ్యం. దొంగతనంగా ఆ గడులు నింపారో, నాకు తెలిసిపోతుంది.”

“ఎలాగండి?”

“తెలుస్తుంది,” అంది దుర్గాశ్రీ.

పదేళ్లుగా దొరబాబు గోదావరి మీదే ఉన్నాడు. గోదావరిని చూసింది మాత్రం ఆ శీతాకాలమే. పొద్దున్న పొగమంచులో అవతలి ఒడ్డు ఉండేది కాదు. పంటు ఎక్కడికీ వెళ్లకుండా పాలలో తేలుతున్నట్టుండేది. మధ్యాహ్నం ఎండ నీళ్ల మీద ఒలికి, పంటుతోపాటే వచ్చేది. సోమవారం, గురువారం ఖాళీ గడిలో నీళ్లతోపాటు ఒక వాలుజడ, సూది కదిపే వేళ్లు కూడా కనిపించేవి. టైమ్‌టేబుల్లో వాటిని చూడకూడదని ఎక్కడా రాసి లేదు.

“నీళ్లు అటున్నాయండీ,” అనేది ఆమె తలెత్తకుండా.

“చూస్తున్నానండి.”

“ఏం కనిపిస్తున్నాయి?”

“కొంగలండి.”

“ఇటువైపు కొంగల్లేవు.”

చిట్టియ్య దగ్గేవాడు. ఆ దగ్గుకి జలుబు కారణం కాదని పంటులో అందరికీ తెలుసు.

సంక్రాంతి వెళ్లేసరికి శ్రేఢులు, మాత్రికలు అయిపోయాయి. ఒక్కో పాఠం అవగానే దుర్గాశ్రీ ఒక లేసు పువ్వు ఇచ్చేది. దొరబాబు వాటిని పుస్తకంలో దాచుకునేవాడు. అంతా సాఫీగా ఉండగా, ఫిబ్రవరిలో హాల్ టికెట్టు వచ్చింది.

ఆ కాగితం మీద తన ఫొటో చూడగానే అతనికి పాత భయం పట్టుకుంది. ఇంకా ముప్పై ఎనిమిది రోజులు. నీళ్లు చూస్తూ కూర్చుంటే ఎవడైనా పాసవుతాడా? ఆ రోజు నుంచి ఖాళీ గడులు నింపడం మొదలుపెట్టాడు. దుర్గాశ్రీ ఉన్న ట్రిప్పులో మాత్రం బుద్ధిగా ఏటి వైపు చూసేవాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక గురువారం ఆమె అతని నోటుపుస్తకం తీసుకుంది. లెక్కలు చూడలేదు. కాగితం తిప్పి, వెనకవైపు వేళ్లతో నెమ్మదిగా తడిమింది.

“ఎన్నాళ్లుగా?”

“ఏంటండి?”

“అబద్ధం చెప్పొద్దు. డిసెంబరు కాగితాలు వెనక నున్నగా ఉన్నాయి. ఇవి చూడండి, అక్షరాలు అవతలికి పొడుచుకొచ్చాయి. అలిసిపోయినవాళ్ల చేయి బిగుస్తుంది. చేయి బిగిస్తే లేసు ముడుచుకుపోతుంది. బల్ల మీద పరిస్తే పరుచుకోదు.”

“పరీక్ష దగ్గర పడిందండి. భయమేసింది. పోతే మీకేం పోయింది, నా చక్రం పోద్ది.” ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

ఆమె పుస్తకం మూసి అతని చేతికిచ్చింది.

“మా తమ్ముడి నోట్సు వెనక కూడా ఇలాగే ఉండేది,” అంది.

పంటు ఒడ్డు తాకింది. ఆమె వెనక్కి చూడకుండా దిగిపోయింది.

చిట్టియ్య ఇంజను ఆపాడు. తర్వాత అన్నాడు. “దుర్గాసాయి అనే కుర్రోడు. ఇంటరు. మూడేళ్లయింది పోయి. అప్పట్నుంచే మాస్టారు ట్యూషన్లు మానేశారు. నీకు తెలీదా?”

దొరబాబుకు తెలియదు. తెలుసుకోవాలని ఏనాడూ అడగలేదు.

సోమవారం దుర్గాశ్రీ రాలేదు. గురువారమూ రాలేదు. దారం సంచి ఎవరో ముసలావిడ పట్టుకెళ్లింది. రెండు రోజులూ ప్రతి ట్రిప్పులోనూ పుస్తకం మూసే ఉంది. ఒక్క ట్రిప్పులోనూ గోదావరి కనిపించలేదు.

ఆదివారం సాయంత్రం అతను మాస్టారి ఇంటికి వెళ్లాడు. చంద్రరావుగారు అరుగు మీద కుర్చీలో ఉన్నారు. చేతిలో పుస్తకం లేదు, పేపరు లేదు.

“పంటు మీద టిక్కెట్లు కోస్తానండి. దొరబాబునండి. అమ్మాయిగారిని ఒక మాట అన్నాను. తప్పని చెప్పి పోదామని...”

“పుస్తకం తెచ్చావా?”

దొరబాబు చంకలోని నోటుపుస్తకం ఇచ్చాడు. మాస్టారు రెండు పేజీలు చూశారు. “లెక్క సరే. ఇక్కడ ఒక మెట్టు అనవసరం.” తర్వాత కాగితం తిప్పి, ఆయనా వెనకవైపు చేత్తో తడిమారు. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

“మావాడికి జ్వరం. పరీక్షలయ్యాక చెబుదామనుకున్నాడు. రోజూ వాడి లెక్కలు దిద్దేవాణ్ణి. ఒక్క తప్పూ ఉండేది కాదు.” పుస్తకం మూశారు. “లెక్కలే చూశాను. మొహం చూడలేదు.”

వీధిలో సైకిలు బెల్లు మోగింది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?”

“రెండింటికండి.”

“ఇవాళ ఏ వారం?”

“ఆదివారమండి.”

“అయితే లెక్కలు వద్దు. కూర్చో.”

దొరబాబు అరుగు అంచున కూర్చున్నాడు. ఇద్దరూ వీధి చూస్తూ ఉన్నారు. ఎదురింటి గోడ మీద ఎండ ఎక్కుతూ ఎక్కుతూ చూరు దాటిపోయింది. కాసేపటికి దుర్గాశ్రీ కాఫీ తెచ్చింది. మూడు గ్లాసులు. మూడోది తీసుకుని గుమ్మంలో కూర్చుంది.

“రేపు పంటుకి వస్తారా అండి?” అన్నాడతను గ్లాసులోకి చూస్తూ.

“దారం ఎవరిస్తారు మరి?”

“రెండు వారాల గడులు పాడుచేశానండి.”

“ఆ పువ్వొక్కటే పోయింది. విప్పి మళ్లీ కడదాం.”

మాస్టారు కాఫీ తాగి గ్లాసు కింద పెట్టారు. “మంగళవారం సాయంత్రం రా. త్రికోణమితి నేను చెబుతాను. గంటే. గంట దాటితే పంపించేస్తాను.”

గుమ్మంలో దుర్గాశ్రీ తల పక్కకి తిప్పుకుంది. మూడేళ్ల తర్వాత ఆ ఇంట్లో మళ్లీ సుద్దముక్క అవసరం పడింది.

లెక్కల పరీక్ష రోజు దొరబాబు జేబులో హాల్ టికెట్టు, ఎర్రమరక పువ్వు ఉన్నాయి. మూడో ప్రశ్న దగ్గర బుర్ర ఆగిపోయింది. కలం కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశాడు. గోదావరి కనిపించలేదు, కొబ్బరిమట్టలు కనిపించాయి. ఒక నిమిషం వాటినే చూశాడు. తర్వాత తప్పిన మెట్టు దొరికింది.

ఫలితాలు వచ్చిన పేపరు మాస్టారే పట్టుకుని రేవుకు వచ్చారు. నంబరు చూపించలేదు. దొరబాబు మొహం వైపు చాలాసేపు చూసి, “పాసయ్యావు. రాత్రి బాగా నిద్రపోయావా?” అన్నారు. చిట్టియ్య పంటు హారన్ ఎంతసేపు మోగించాడంటే, అవతలి ఒడ్డున జనం ఏదో ప్రమాదం అనుకున్నారు.

జూన్ రెండో గురువారం తొలివాన పడింది. లైసెన్సు పరీక్షకి ఇంకా వారం ఉంది, చక్రం దగ్గర చిట్టియ్యే ఉన్నాడు. పంటు మీద జనం టార్పాలిన్ కిందికి చేరారు. దుర్గాశ్రీ మూటను పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. దొరబాబు టిక్కెట్టుతోపాటు ఒక మడతపెట్టిన కాగితం ఇచ్చాడు.

“ఏంటిది? పరీక్షలైపోయాయిగా?”

“చూడండి.”

ఆమె కాగితం విప్పింది. చదవలేదు. అలవాటు కొద్దీ తిప్పి, వెనకవైపు వేళ్లతో తడిమింది. పై నుంచి కింది దాకా నున్నగా ఉంది. మధ్యలో ఒక్కచోట వేలు ఆగింది.

“ఇక్కడ చేయి బిగిసిందండీ.”

“ఆ ఒక్క మాట దగ్గరేనండి.”

కాగితం తిప్పి చూసింది. ఆ మాట ఆమె పేరు.

అప్పుడు మొదటి నుంచి చదివింది. నాలుగు వాక్యాలే. ఆఖర్న ఆగిపోయింది. అక్షరాల మధ్య రెండుచోట్ల ఎర్రసిరా దిద్దుబాట్లు, అడుగున చిన్న టిక్కు. ఆ టిక్కును ఆమె పుట్టిననాటి నుంచీ ఎరుగును.

“నాన్నగారికి చూపించారా!”

“ముందు ఆయనకే ఇచ్చానండి. పెద్దవాళ్లకి తెలీకుండా ఎలాగండి? రెండు తప్పులు దిద్దారు.”

“ఇంకేమన్నారు?”

“మార్కులు మాత్రం అమ్మాయే వేయాలన్నారండి.”

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, లేసు మడతల మధ్య పెట్టింది. చెవి దగ్గర జుట్టు మీద వాన చినుకులు నిలిచి ఉన్నాయి. చిట్టియ్యకు ఈసారి దగ్గు కూడా రాలేదు.

“జవాబు చెప్పలేదండి,” అన్నాడు దొరబాబు.

“తిరుగు ట్రిప్పులో చెబుతాను.”

“మరి ఈ ట్రిప్పు?”

దుర్గాశ్రీ మూట తీసి ఒళ్లో పెట్టుకుని, బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఈ ట్రిప్పు ఖాళీ గడి. కూర్చోండి, నీళ్లు చూద్దాం.”