ఇంజనీరు గారి తోక

"అక్కా! ఇంజనీరు గారికి తోక లేదు!"

వీతెక్ కేక అది. ఆరేళ్ళవాడికి అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు గానీ, ఆ కేకకు వంటింట్లో అమ్మ చేతిలో ఉన్న బిస్కట్ల పళ్ళెం ఎగిరిపడింది. కింద రెండో అంతస్తులో కుక్క మొరిగింది. ఆ అంతస్తులో ఎవరికీ కుక్క లేదు. మరి మొరిగింది ఎవరో ఇప్పటిదాకా తేలలేదు.

జితా చదువుతున్న పుస్తకం విసిరేసి పరుగెత్తింది.

ఇంజనీరు గారంటే మనిషి కాదు, గప్పీ చేప. వేలెడంత కూడా లేని ఒళ్ళు, ఒంటికంటే పెద్ద తోక. నారింజ రంగు విసనకర్రలాంటి ఆ తోకను విప్పుకుని ఆయన అక్వేరియంలో పచార్లు చేస్తుంటే, వీతెక్‌కి ఎదురింటి ఇంజనీరు గారే గుర్తొచ్చేవారు. పొడుగు కోటు వేసుకుని మెట్లమీద ఆయనా అలాగే నడుస్తారు మరి.

ఒస్త్రవా ఊళ్ళో జితా వాళ్ళుండేది తొమ్మిదంతస్తుల భవనం. కింద గుమ్మం దగ్గర గంటల పలక ఉంటుంది. ఒక్కో మీట పక్కన ఒక్కో ఇంటివాళ్ళ పేరు. డాక్టరైతే డాక్టరని, ఇంజనీరైతే ఇంజనీరని ఆ చీటీమీద రాసుకోకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు. అందుకే వీతెక్ కూడా తన చేపకు చీటీ రాసి తొట్టి అద్దానికి అంటించాడు: 'ఇంజనీరు గారు'.

చీటీ అలాగే ఉంది. ఇంజనీరు గారే అలా లేరు.

నీళ్ళ పైన, ఓ మూలకు, హీటరు వెనక నక్కి ఉన్నారు. తోక ఉండాల్సిన చోట రెండు పీచులు వేలాడుతున్నాయి. అడుగున ఇసుకలో తిరిగే మీసాల చేపలు ఆరూ అవతలి మూలలో ఒకదానిమీద ఒకటి ఎక్కి గుట్టగా పడివున్నాయి. మిగిలిన తొట్టి మొత్తం ఒక్క జంటదే.

జితా తెచ్చిన సిక్లిడ్ చేపల జంట. ఎర్రటి ఒళ్ళు, ఒళ్ళంతా నీలి రత్నాలు పొదిగినట్టు చుక్కలు. మగ చేప బాణంలా దూసుకొచ్చి ఇంజనీరు గారిని అద్దానికేసి కొట్టింది. 'టక్' మని చప్పుడు బయటికి వినిపించింది.

జితా అద్దం మీదికి వంగింది. పొద్దున బడికి వెళ్ళేప్పుడు కాదు, ఇవాళ శనివారం కదా, పొద్దున మేత వేసేటప్పుడు అందరూ బాగానే ఉన్నారే!

"నువ్వే కదా చెప్పావు?" వీతెక్ కళ్ళనిండా నీళ్ళు. "వీళ్ళంతా స్నేహంగా ఉంటారని కుబాత్ తాత అన్నాడని నువ్వే కదా చెప్పావు?"

జితా తమ్ముడి వైపు చూడకుండా వల కోసం చెయ్యి చాపింది. ఎందుకంటే కుబాత్ తాత ఆ మాట అనలేదు.

కుబాత్ తాత ఏమన్నాడో తెలియాలంటే పదమూడు రోజులు వెనక్కి వెళ్ళాలి.

ఆ ఊళ్ళో రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున్నే, ఒక పాత హాల్లో చేపల సంత జరుగుతుంది. ఇంట్లో చేపల్ని పెంచేవాళ్ళు తాము పెంచిన పిల్లల్ని తెచ్చి అమ్ముతారు. అందులో మూలబల్ల కుబాత్ తాతది. నలభై ఏళ్ళు బొగ్గు గనిలో పనిచేసి వచ్చాడు. నెత్తిమీద బొచ్చు టోపీ. నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కోత.

ఆయన దగ్గర చేప కొనాలంటే డబ్బు తీసేముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి.

"మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

తొట్టిలో అని అర్థం. సంతకు వచ్చేవాళ్ళందరికీ అది తెలుసు. "మొన్న ఒకాయన కొత్తగా వచ్చాడు," అని చెప్పాడు తాత ఆ రోజు. "ఎవరెవరున్నారయ్యా అంటే భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు అన్నాడు. మా చేప అత్తగారితో సర్దుకోలేదు బాబూ, ఇవ్వనన్నాను."

జితా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ఆ ఎర్ర జంటమీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"వీళ్ళా?" అన్నాడు తాత. "వీళ్ళతో జాగ్రత్తమ్మాయ్. నీళ్ళు మార్చడానికి చెయ్యి పెడితే నా పెళ్ళి ఉంగరం లాక్కున్నారు. మా ఆవిడ చంపేస్తుంది ఇవ్వండయ్యా అని బతిమాలితే, రసీదు రాయించుకుని మరీ ఇచ్చారు."

"కోతలు!" అంది జితా.

"వీళ్ళకు పిల్లలంటే ప్రాణం. గుడ్లు పెట్టారంటే ఆ నీళ్ళల్లో ఇంకో ప్రాణిని ఉండనివ్వరు. వీళ్ళను విడిగా పెట్టాలి. ఇద్దర్నే."

దాన్ని కూడా జితా కోతల్లోనే కలిపేసింది. ఉంగరానికి రసీదు రాయించుకున్న చేపల గురించి ఆ నోరు ఇంకేం చెప్పినా నమ్మడం ఎలా?

"సరే చెప్పు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

జితాకు ఇంజనీరు గారు గుర్తొచ్చారు. ఆరు మీసాలవాళ్ళూ గుర్తొచ్చారు. వాళ్ళ పేర్లు చెప్పిందంటే ఆ ఎర్ర జంట తనది కాదు.

"ఎవరూ లేరు తాతా. ఖాళీ తొట్టి."

తాత కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఎవరూ?"

"ఎవరూ."

బయట మంచు పడుతోంది. చేపల సంచిని కోటు లోపల, స్వెట్టరుకు ఆనించి పెట్టుకుని, చలి తగలకుండా ట్రాములో ఇంటికి తెచ్చింది. దారి పొడుగునా ఆ సంచి పొట్టకు వెచ్చగా తగులుతూనే ఉంది. వీతెక్ అడిగితే, "అందరూ స్నేహంగా ఉంటార్రా, కుబాత్ తాతే అన్నాడు," అని ఇంకో మాట అతికించింది.

ఇదీ జరిగింది.

"అక్కా, ఏదో ఒకటి చెయ్యి! మళ్ళీ కొడుతోంది!"

జితా చిన్న వల తీసుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. మగ చేప ఇంజనీరు గారిని వదిలి జితా వేలిని కరిచింది! నెత్తురు రాలేదు గానీ, అరచేతి వెడల్పు కూడా లేని చేప తన మీదికే వచ్చిందన్న విషయం నమ్మడానికి జితాకు కాసేపు పట్టింది. ఉంగరం కథ మొత్తం కోత కాదేమో అనిపించింది.

ఎలాగో ఇంజనీరు గారిని వలలోకి ఎత్తింది. ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? ఇంట్లో ఇంకో తొట్టి లేదు. ఉన్నది ఒక్కటే, స్నానాల తొట్టి. జితా వల పట్టుకుని నీళ్ళు కారుతుండగా స్నానాల గదిలోకి ఉరికింది.

తొట్టిలో నాన్న పొద్దున తెచ్చిన కార్ప్ ఉంది. క్రిస్మస్ విందు చేప; పండగదాకా దాన్ని ప్రతి ఇంట్లోనూ ప్రాణంతో స్నానాల తొట్టిలోనే ఉంచుతారు. ఆ వారమంతా ఆ భవనంలో ఎవరూ స్నానం చెయ్యరు. అడిగితే తొట్టిలో కార్ప్ ఉందంటారు. కొందరైతే కార్ప్ కొనకముందునుంచే ఆ మాట చెప్తారు.

వల నీడ పడగానే కార్ప్ పైకి వచ్చింది. నోరు తెరిచింది. అందులో చెప్పు పట్టేంత చోటుంది. వలలో ఇంజనీరు గారు ఎగిరారు.

"వద్దు!" వీతెక్ అక్క చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజాడు. "దాని నోరు చూడు! పైగా అవి మంచులాంటి నీళ్ళు!"

జితా వలను వెనక్కి లాక్కుంది. ఇంకొక్క క్షణం అయితే రెండోసారి కూడా తనే...

అప్పటికి అమ్మ వచ్చింది. ఏమిటని అడగలేదు. వలలోకి ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళి, పెద్ద గాజు సీసాలో ఊరవేసిన దోసకాయలన్నీ గిన్నెలోకి ఒంపేసింది.

"రాత్రికి కూర దోసకాయలే. ఎవరూ మాట్లాడొద్దు," అంది. వెనిగర్ వాసన పోయేదాకా సీసాను వేడినీళ్ళతో అయిదుసార్లు కడిగింది. "అక్వేరియంలో నీళ్ళే పొయ్యి తల్లీ, కొళాయివి కాదు."

ఇంజనీరు గారు సీసాలోకి దిగారు. అడుగుకు జారి, పక్కకు ఒరిగి, అలాగే ఉండిపోయారు. మొప్పలు మాత్రం కదులుతున్నాయి. ఆరు మీసాలవాళ్ళకు పులుసు గిన్నె దొరికింది.

మిగిలింది ఎర్ర జంట. అప్పుడు చూసింది జితా. తొట్టి అడుగున ఉన్న మట్టి కుండీ పెంకుమీద సన్నటి గుడ్లు, సగ్గుబియ్యం చల్లినట్టు, వందల కొద్దీ. ఆడ చేప వాటిపైన రెక్కలు ఆడిస్తూ నీళ్ళు విసురుతోంది. మగ చేప తొట్టి చుట్టూ కాపలా తిరుగుతోంది. ఇంతకుముందు రాక్షసుల్లా కనిపించినవాళ్ళు, ఇప్పుడు చూస్తే ఉయ్యాల దగ్గర కూర్చున్న అమ్మానాన్నల్లా ఉన్నారు.

గుడ్ల గురించి తాత చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు.

"కుబాత్ తాత అంత పెద్ద పొరపాటు చేశాడా?" అంది అమ్మ. "రేపు సంతకు వెళ్ళి నేనే అడుగుతాను."

"తాత చెయ్యలేదమ్మా," అంది జితా. "ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరని చెప్పాను. స్నేహంగా ఉంటారన్నది కూడా నా మాటే."

వీతెక్ ఏడుపు ఆపి అక్క వైపు చూశాడు. అరవలేదు, కొట్టలేదు. "ఇంజనీరు గారు ఎవరూ కాదా?" అని మాత్రం అడిగాడు. సీసా పక్కన కుర్చీ వేసుకుని అక్కకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ రోజంతా మళ్ళీ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున అమ్మ తోడు రాగా, జితా ట్రాములో మూత ఉన్న బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బకెట్టుకు రెండు శాలువాలు చుట్టింది. లోపల గోరువెచ్చటి నీళ్ళు, కుండీ పెంకు, గుడ్లు, ఇద్దరు కోపిష్టి తల్లిదండ్రులు. పక్కన కూర్చున్న ముసలమ్మ, "సూపా?" అని అడిగింది. జితా కాదంది.

కుబాత్ తాత బల్ల దగ్గర ఎప్పటిలాగే గుంపు. కాసేపటికి జితా వంతు వచ్చింది.

"వచ్చావా బుజ్జమ్మా! చెప్పు, మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

జితా జేబులోంచి కాగితం తీసింది. గంటల పలకలాగే గీతలు గీసి, ఒక్కో గీతమీద ఒక్కో పేరు రాసింది. పైకి చదివింది.

"ఇంజనీరు గారు, గప్పీ. తోక లేదు. మీసాలవాళ్ళు, ఆరుగురు. అందరూ పోయినసారి కూడా ఉన్నారు తాతా. నేను అబద్ధం చెప్పాను."

దేనికైనా ఒక కథ చెప్పే కుబాత్ తాత ఈసారి ఏ కథా చెప్పలేదు. బకెట్టు మూత ఎత్తి చూశాడు. నీళ్ళల్లో వేలు ముంచి వేడి చూశాడు. వెనకున్న ఖాళీ తొట్టిలోకి జంటను, కుండీ పెంకును మెల్లిగా దించాడు.

"బతుకుతారా?" అంది జితా.

"వీళ్ళిద్దరూ బతుకుతారు. ఈ కుదుపులకు గుడ్లు నిలుస్తాయో లేదో చెప్పలేను. మీ ఇంజనీరు తింటున్నాడా?"

"పొద్దున ఒక్క మెతుకు మేత తిన్నారు."

"తిన్నాడంటే తోక వస్తుంది. నెలా, రెండు నెలలు. నీళ్ళు శుభ్రంగా ఉంచు." తాత నెత్తిమీది బొచ్చు టోపీ తీసి బల్లమీద పెట్టాడు. టోపీ లేని ఆయన తలను సంతలో ఎవరూ చూసి ఉండరు. "నాదీ తప్పుంది. నువ్వు ఎవరూ లేరన్నప్పుడు నీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఇంకోసారి అడగాల్సింది. ఇకనుంచి కోత కోసేటప్పుడు టోపీ పెట్టుకుంటాను, నిజం చెప్పేటప్పుడు తీసేస్తాను. గుర్తుంచుకో."

జితాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తాత టోపీ బల్లమీదే ఉంచి, ఒక చిన్న తొట్టి ముందుకు జరిపాడు. అందులో బొటనవేలంత సిక్లిడ్. పసుపు పొట్ట, ఎర్రటి అంచులున్న రెక్కలు. ఇసుకను నోటితో జల్లెడ పడుతూ నెమ్మదిగా తిరుగుతోంది. "ఇది సాధువు. మీసాలవాళ్ళతో, గప్పీలతో సర్దుకుంటుంది. జంట బదులు దీన్ని తీసుకెళ్ళు."

జితా వంగి చూసింది. చాలా అందంగా ఉంది. అది కూడా అద్దం దగ్గరికి వచ్చి జితాను చూసింది.

"ఇప్పుడొద్దు తాతా," అంది చివరికి. "నీడ పడినా ఇంజనీరు గారు ఒణుకుతున్నారు."

ఇంటికి వచ్చాక మీసాలవాళ్ళు పులుసు గిన్నెలోంచి తొట్టిలోకి దిగారు. ఇంజనీరు గారు కూడా దిగారు. తోక లేక, అడుగు వెయ్యబోతే వంకరగా పోతున్నారు. అయినా పచార్లు మొదలుపెట్టారు.

జితా కొత్త కాగితంమీద అందరి పేర్లూ రాసి తొట్టి అద్దానికి అంటించింది. మొట్టమొదటి గీతమీద 'ఇంజనీరు గారు' అని పెద్ద అక్షరాలు. అన్నిటికంటే కింద ఒక గీత గీసి, ఏమీ రాయకుండా వదిలేసింది.

వీతెక్ వచ్చి కాగితాన్ని పైనుంచి కిందిదాకా పరీక్షించాడు. తర్వాత నిన్నటినుంచి మొదటిసారి అక్కతో మాట్లాడాడు.

"అక్కా, కిందిది ఎవరిది?"

"తెలీదురా. కుబాత్ తాత దగ్గర ఒకరున్నారు. ముందు ఇంజనీరు గారు ఒప్పుకోవాలి. ఆయన తరఫున నువ్వు చెప్పాలి."

వీతెక్ అద్దానికి ముక్కు ఆనించి ఇంజనీరు గారి వెనక భాగాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంకా ఒప్పుకోలేదు," అన్నాడు.

"సరే," అంది జితా.

రెండు నెలల తర్వాత నారింజ రంగు విసనకర్ర పూర్తిగా విచ్చుకునేదాకా ఆ గీత ఖాళీగానే ఉంది.