పెద్దకోడలికి ఐదు చెంచాలు

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు వచ్చి పదహారేళ్ళయింది, చిన్నకోడలు వచ్చి పదకొండేళ్ళు. పెద్దకోడలు వంటింటి వెనక వసారాలో చెక్కపీట మీద ఉంటుంది, తెల్లగా, చదరంగా, గుండ్రటి అద్దం తలుపుతో. అది వాషింగ్ మిషన్.

దానికా పేరు పెట్టింది అత్తగారే. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఒక పెద్ద హోటల్లో బట్టలుతికే విభాగాన్ని కంటిచూపుతో నడిపి రిటైరైన మనిషి. "మిషన్లు వాటంతటవి చావవమ్మాయ్, మనుషులే చంపుతారు" అంటుంది. మిషన్ పైన గోడకి ఆవిడ రాసి తగిలించిన అట్టముక్క ఉంది. బట్టల పైన జానెడు ఖాళీ ఉండాలి. జేబులు తడిమి చూడాలి. ఉతకడం అయ్యాక తలుపు రబ్బరు మడతలు తుడిచి, తలుపు తెరిచి ఉంచాలి. ఆదివారం ఫిల్టరు కడగాలి. సబ్బుపొడి ఒక్క చెంచా. "ఒక్క" కింద రెండు గీతలు.

పొద్దున్నే అరలో పొడి వేయడం అత్తగారి హక్కు. బట్టలు వేసి మీట నొక్కడం చిన్నకోడలి వంతు. ఆ తర్వాత ఆమె వంట ముగించి, ఇంటి పనులన్నీ సర్దుకుని, బడికి పరుగెత్తి పిల్లలకి లెక్కలు చెప్పాలి.

"నాకు జ్వరమొస్తే ఓ మాత్ర చేతిలో పెడతారు. అది కాస్త మూలిగితే మాత్రం పక్కన కూర్చుని వీపు నిమురుతారు" అని భర్త దగ్గర సణిగేది. అత్తగారి ఎదుట మాత్రం నోరు పెగిలేది కాదు.

బడికి సెలవైన ఆ రెండో శనివారం పొద్దున్న పొయ్యి దగ్గర నిలబడ్డ చిన్నకోడలి పాదాలకి ఏదో మెత్తగా తగిలింది. వంగి చూస్తే నురగ. వసారాలోంచి గడప దాటి, తీరిగ్గా వంటింట్లోకి వస్తోంది. పేపరు చదువుతున్న మామగారు కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నారు. సగం గడ్డం గీసుకున్న భర్త పరుగెత్తుకొచ్చి, నేల మీది నురగ చూసి కంగారుగా తన చెంపలు తడుముకున్నాడు.

"ఏం చేశావమ్మాయ్ దాన్ని?" అంది అత్తగారు.

పదకొండేళ్ళ ఓర్పు ఆ ఒక్క మాటతో తెగింది.

"నేనేం చేస్తానండీ! పదహారేళ్ళు చాకిరీ చేసింది, ఇంక దానివల్ల కాదు. సాయంత్రానికి కొత్తది తెప్పిస్తాను."

"తెప్పించు. ఇది ఏ గుమ్మంలోంచి పోతుందో నేనూ ఆ గుమ్మంలోంచే పోతాను, మా చెల్లెలింటికి."

"అమ్మా, మెకానిక్‌ని పిలుద్దాం" అన్నాడు కొడుకు, అడకత్తెరలో పోకచెక్కలా మధ్యన నిలబడి. "అతను పోయిందంటే కొత్తది. బాగుందంటే ఇంకెవరూ ఆ మాట ఎత్తకూడదు."

పదింటికి మెకానిక్ వచ్చాడు. వెనక రేకు విప్పి, టార్చి వేసి, లోపలంతా చూశాడు.

"రబ్బరు మీద బూజు లేదు, డ్రమ్ము ఊగట్లేదు. అమ్మా, మీరు దీన్ని వాడుతున్నారా, పెంచుకుంటున్నారా?"

అత్తగారి గడ్డం రెండంగుళాలు పైకి లేచింది.

"కానీ సబ్బుతో చంపేస్తున్నారు. గొట్టాలన్నీ జిగురు. ఎన్ని చెంచాలు వేస్తారు?"

"ఒక్కటే."

"ఒక్క చెంచాకి ఇంత నురగా! ఐదుకి తక్కువైతే నా మీసం తీసేస్తా."

ముందు మామగారు దగ్గారు.

"ఏమేవ్, కోప్పడకు. నా బనీన్ల మురికి సరిగ్గా వదలట్లేదని, నువ్వటు తిరిగాక రోజూ ఒక్కటి... ఒక్కటే."

"నేనూ ఒక్కటే వేస్తున్నానమ్మా" అన్నాడు కొడుకు, తువ్వాలు చాటునుంచి.

"నేనూ వేస్తున్నానత్తయ్యా" అంది చిన్నకోడలు నేల చూపులు చూస్తూ.

"ఇంటినిండా దొంగలే!" అంది అత్తగారు. "చాలట్లేదని ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? నేనంత రాక్షసినా?"

లెక్కల టీచరు మనసు ఊరుకోలేదు. మావయ్యది ఒకటి, ఈయనది ఒకటి, తనది ఒకటి, అత్తయ్యది ఒకటి. నాలుగే.

"మరి ఐదోది ఎవరిది?" అంది.

అత్తగారు గోడవారనున్న చిన్నపీట మీద కూలబడింది.

"నాదే. ఏడాదిగా చూపు ఆనట్లేదు. పొడి తెలుపు, అర తెలుపు. వేశానో లేదో తెలియక ఇంకోటి వేస్తున్నాను."

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్తే ఆ చెంచా కూడా నీ చేతికి పోతుంది. ఇంక నాకీ ఇంట్లో ఏం మిగులుతుంది?"

చిన్నకోడలికి సిగ్గేసింది. ఏడాదిపాటు ఆవిడ వీపు వెనక చెంచా ముంచిందే తప్ప, ఒక్కరోజు ఎదురుగా వచ్చి ఆవిడ కళ్ళలోకి చూడలేదు. అత్తగారి పక్కనే తడినేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. తన మీసం దక్కినందుకు మెకానిక్ ఒక్కడే సంతోషంగా ఉన్నాడు.

ఆ సాయంత్రం గోడకి రెండు మేకులు దిగాయి. ఎడమ మేకుకి చెంచా ఉంటే పొడి వేయాలి, కుడి మేకుకి ఉంటే వేసేసినట్టే. చెంచా అత్తగారి చేతిలోనే ఉండిపోయింది. వారంలో ఆవిడకి కొత్త కళ్ళజోడు వచ్చింది.

కళ్ళజోడు వచ్చిన మర్నాడు పొద్దున్నే మామగారి చెయ్యి మెల్లగా పొడి డబ్బా వైపు సాగింది.

"మావయ్యా, కుడి మేకు!" అని వంటింట్లోంచి కేక వినబడింది.

మామగారు బనీను భుజాన వేసుకుని పేపరు దగ్గరికి నడిచారు. అత్తగారు నవ్వుతూ వంటింట్లోకి వచ్చి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇదేంటమ్మాయ్, కళ్ళ కింద ఆ నలుపు? ఎప్పట్నించి?"

"రెండేళ్ళయిందత్తయ్యా."

ఆవిడ కోడలి చేతిలోని గరిటె లాక్కుంది.

"మిషన్లో జానెడు ఖాళీ ఉంచమని గోడకి రాసిపెట్టాను గానీ, నీకు మాత్రం బెత్తెడైనా ఉంచలేదు కదే" అంది. "వెళ్ళి కాసేపు పడుకో. వంట నేను చూస్తాను."