గొడుగు పిల్ల చెయ్యి

పిల్లల బొమ్మల పత్రికలో అక్షరాలు రాయడం నా పని. కథ నాది కాదు, బొమ్మ నాది కాదు. బొమ్మలో మనుషుల నోటి పక్కన తెల్లటి బుడగలు ఖాళీగా వదిలేస్తారు. పత్రికవాళ్ళు రాసిచ్చిన మాటల్ని ఆ బుడగల్లో కుదురుగా ఎక్కించడం వరకే నాది. స్కేలు లేకుండా నేను ఒక్క గీత గీయను. కుదురుగా రాయలేని మనిషి కుదురుగా బతకలేడని నా నమ్మకం. అందుకే మా తమ్ముడి కూతురు నన్ను స్కేలత్త అని పిలిచేది.

ఆ పత్రికకి బొమ్మలు వేసేది మా తమ్ముడే. వాడి కూతుర్ని అందరం పిచ్చుక అనేవాళ్ళం. గుప్పెడంత పిల్ల. వాడు వేసే కథ పేరు 'గొడుగు పిల్ల'. ఎవరికి ఆపద వచ్చినా ఆ పిల్ల ఎక్కడి నుంచో వచ్చి నల్ల గొడుగు విప్పి పైకెత్తుతుంది. దాని కింద నిలబడ్డవాళ్ళ మీద నిప్పు పడదు, రాయి పడదు. "భయపడకండి, నేనున్నాను" అంటుంది. ఆ మాట నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు.

బొమ్మలో ఉన్నది మా పిచ్చుకే. తమ్ముడు ఊహించి వేసే రకం కాదు, ఎదురుగా మనిషి ఉండాలి. పిచ్చుకని ఎత్తు స్టూలు మీద నిలబెట్టి, తన పాత గొడుగు చేతికిచ్చి, ఎత్తి పట్టుకోమనేవాడు. వాడు "చాలు" అనేదాకా అది కదలకూడదు. తండ్రీ కూతుళ్ళ మధ్య ఒప్పందం అది. ఒకసారి వీధిలోంచి ఎవరో పిలిస్తే వాడు వెళ్ళి కబుర్లలో పడ్డాడు. నేను గదిలోకి వెళ్ళేసరికి పిల్ల స్టూలు మీదే ఉంది. చెయ్యి వణుకుతోంది.

"దిగవే, పిచ్చిదానా" అన్నాను.

"నాన్న చాలు అనలేదుగా అత్తా."

"మీ నాన్న కబుర్లకి దిగితే ఇక సాయంత్రమే."

"అయితే సాయంత్రం అంటాడు" అంది.

మాట మీద నిలబడే పిల్ల అని ఎంత మురిసిపోయానో. దిగాక గొడుగు మడిచి, పట్టీ చుట్టి, గుండీ పెట్టి, మూలన ఆనించేది. ఆ అలవాటు నేను నేర్పిందే.

జ్వరం వచ్చి పిచ్చుక పోయింది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

తమ్ముడు కథలో గొడుగు పిల్లని కూడా చంపేశాడు. చివరి బొమ్మలో ఏటి ఒడ్డున మూసిన గొడుగు ఒక్కటే పడి ఉంది. ఆ బొమ్మలో బుడగ లేదు, నాకు పని లేదు. వాడు చేసింది సబబే అనుకున్నాను.

కొన్నాళ్ళకి పత్రిక యజమాని మా ఇద్దర్నీ పిలిపించాడు. బల్ల మీద పిల్లలు రాసిన ఉత్తరాల సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇదిగో, ఇదీ గోల. గొడుగు పిల్లని లేపవయ్యా" అన్నాడు తమ్ముడితో. "బొమ్మల కథల్లో చచ్చినవాడు చచ్చినట్టు ఎక్కడన్నా పడున్నాడా? ఏట్లో కొట్టుకుపోయింది, జాలరి తీశాడను. కాదంటే అంతా కల అను. కవల చెల్లెలను. ఎవడడుగుతాడు?"

"చదివే పిల్లలు అడుగుతారు" అన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా అన్నాను. "వాళ్ళింట్లో తాత పోతాడు. వచ్చే వారం తిరిగొస్తాడని గుమ్మంలో కూర్చుంటారు. పోయినవాళ్ళు పోయారని చెప్పడానికి పెద్దవాళ్ళకే నోరు రావడం లేదు. మనమైనా అబద్ధం చెప్పకుండా ఉందాం."

"అది కాగితం పిల్ల తల్లీ. దానికి చావేంటి, బతుకేంటి? అక్షరాలు మీవి సరే, నీతులు కూడా మీవేనా?"

"కాగితం పిల్లే అయితే ఆ చివరి పేజీ చూసి మీరెందుకు ఏడ్చారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తమ్ముడు అప్పటిదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వేస్తాను" అన్నాడు.

మెట్లు దిగుతుంటే వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. "ఎందుకు ఒప్పుకున్నావురా?"

"దాని ముక్కు మర్చిపోతున్నానక్కా" అన్నాడు. "నిన్న కళ్ళు మూసుకుంటే మొహమంతా వచ్చింది, ముక్కు రాలేదు."

పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

పేజీలు రావాల్సిన రోజుకి రాలేదు. సాయంత్రం నేనే బయల్దేరి వాళ్ళింటికి వెళ్ళాను. వాన పట్టుకుంది. కరెంటు లేదు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళితే ముందుగా వాసన తగిలింది. సిరా వాసన, తడిగుడ్డ వాసన. వాటి అడుగున తియ్యగా ఇంకోటి... జ్వరం మందు. ఆ సీసా నా చేత్తో నేనే పారేశాను.

మరదలు పని గది బయట నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

"చప్పుడు చెయ్యకండి వదినా" అంది గుసగుసగా. "లోపల ఉంది."

"ఎవరు?"

ఆమె నవ్వింది. పిల్ల పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

గదిలోంచి తమ్ముడి గొంతు వినిపిస్తోంది. "గడ్డం కొంచెం పైకి... ఆ, అంతే. కదలకు." కాగితం మీద కలం గీరుకుంటున్న చప్పుడు. కాగితం తీసి పక్కన పడేసిన చప్పుడు. మళ్ళీ కలం.

వీడికి మతి చలించింది, ఈమె వంత పాడుతోంది అనుకున్నాను. ఇద్దర్నీ నాలుగు చీవాట్లు పెట్టాలని తలుపు మీద చెయ్యి వేశాను.

అప్పుడు వినిపించింది.

"నాన్నా... అయిపోయిందా?"

తలుపు తోశాను. కొవ్వొత్తి వెలుగులో తమ్ముడి వీపు కనిపించింది. నేలంతా కాగితాలు. అన్నిట్లో ఒకటే బొమ్మ. కథ లేదు, ఊరు లేదు, ఆపదలో ఉన్న మనిషి లేడు. పిల్ల, ఎత్తిన చెయ్యి, గొడుగు... అంతే.

వాడి ఎదురుగా స్టూలు ఉంది. స్టూలు మీద ఎవరూ లేరు.

దాని పైన గొడుగు విప్పి ఉంది. ఏ తాడూ లేదు. ఏ మేకూ లేదు. ఒక చిన్నపిల్ల చెయ్యెత్తితే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తులో నిలబడి ఉంది. సన్నగా వణుకుతోంది.

"చెయ్యి లాగేస్తోంది నాన్నా..."

"ఇంకొక్కటి తల్లీ. ఒక్కటే."

వెనక్కి తిరగకుండానే మరదల్ని అడిగాను. "ఎప్పటి నుంచి?"

"నిన్న పొద్దుటి నుంచి."

గొడుగు కొంచెం కిందికి జారింది... మళ్ళీ పైకి లేచింది.

"చాలు అనరా" అన్నాను.

"అంటే దిగిపోతుందక్కా." వాడు తల తిప్పలేదు, కలం ఆపలేదు. "దిగి ఎక్కడికి పోతుందో నాకు తెలీదు."

"తెలీకపోయినా అనాలి."

"నువ్వూరుకో. నీకు అన్నీ స్కేలు పెట్టి గీసినట్టే ఉంటాయి."

నేనే స్టూలు వైపు ఒక అడుగు వేశాను. "పిచ్చుకా... దిగమ్మా. స్కేలత్తని చెబుతున్నాను."

గొడుగు కదల్లేదు. నా మొహానికి బాగా దగ్గర్లో, వేడిగా ఊపిరి తగిలింది.

"నాన్న చాలు అనలేదుగా అత్తా."

మరదలు లేచి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె మాత్రం ఆపనివ్వదని అనుకున్నాను. ఆమెకి మిగిలింది ఆ గొంతు ఒక్కటే. వణుకుతున్న గొడుగు వంక చాలాసేపు చూసింది. కొవ్వొత్తి చిటపటలాడింది. వాన చప్పుడు ఎక్కువైంది.

"ఏవండీ" అంది. "దాని చెయ్యి నొప్పెడుతోంది."

అంతే అంది. తమ్ముడి కలం ఆగిపోయింది. వాడు తలొంచుకున్నాడు. భుజాలు కదిలాయి.

"చాలు" అన్నాడు. "చాలు తల్లీ. దించెయ్యి."

గొడుగు మెల్లగా దిగింది. నేల మీద మొన ఆనింది. మూసుకుంది. పట్టీ చుట్టుకుంది. గుండీ బిగువు, ఎప్పుడూ ఒక పట్టాన పడేది కాదు. ఒకసారి జారింది... రెండోసారి పడింది. గొడుగు మూలకి వెళ్ళి గోడకి ఆనుకుంది.

ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. మరదలు వెళ్ళి స్టూలు మీద చెంప ఆనించి కూర్చుంది. "వెచ్చగా ఉంది వదినా" అంది.

ఆ కాగితాలన్నీ మేము ముగ్గురం కలిసి కాల్చేశాం. తమ్ముడు బొమ్మలు మానేశాడు. వాడు చేసిన పనుల్లో అంత కష్టమైనది ఇంకోటి లేదు, అంత మంచిదీ లేదు. కథ అక్కడ ఆగి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు.

గొడుగు పిల్ల పత్రిక సొత్తు అన్నాడు యజమాని. పొరుగూళ్ళో ఇంకో బొమ్మలాయన్ని కుదుర్చుకున్నాడు. మంచి చెయ్యి అట, ఎదురుగా మనిషి అక్కర్లేదట. నేను వద్దని ఎంత చెప్పినా నా మాట ఎవరు వింటారు? పని మానేద్దామనుకున్నాను. కానీ ఆ పేజీలు ఎవరో ఒకరి చేతికి వెళతాయి. ఆ ఒకరు నేనే అయితే నయం అనుకున్నాను.

మొదటి సంచికలో గొడుగు పిల్ల ఏట్లోంచి లేచి వచ్చింది. ఊళ్ళో పిల్లలు గంతులు వేశారట. రెండో సంచికలో చెయ్యి కాస్త వంగింది. తర్వాతి దాంట్లో ఎడమ చెయ్యి వచ్చి కుడి మోచేతిని పట్టుకుంది. కొత్త బొమ్మలాయన నాకు ఫోన్ చేశాడు.

"ఏంటండీ, నా బొమ్మలు దిద్దుతున్నారటగా?"

"నేను అక్షరం తప్ప ఇంకేమీ ముట్టుకోను."

"మరి నేను చెయ్యి నిటారుగా వేస్తుంటే అచ్చులో వంగిపోతుందేం?"

"బాబూ, ఒక్క మాట చెబుతాను, నవ్వకు. బొమ్మ పూర్తయ్యాక 'చాలు' అని పైకి అను. మనసులో కాదు."

ఆయన నవ్వాడు. "పెద్దవారు చెబుతున్నారు, అలాగేలెండి" అన్నాడు. అనలేదని నాకు తెలుసు.

ఆ సాయంత్రం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. మూలన గొడుగు లేదు. తమ్ముడు ఖాళీ స్టూలు ఎదురుగా కూర్చుని "చాలు తల్లీ, చాలు, చాలు" అంటున్నాడు. మరదలు వాడి వీపు నిమురుతోంది. నన్ను చూసి వాడు అడిగాడు.

"ఇక్కడ లేదక్కా అది. దాన్ని ఎక్కడ నిలబెట్టారో?"

ఇంటికొచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ వారం పేజీ విప్పాను. నాకు ఎన్ని మాటలు రాసిస్తే బుడగలూ అన్నే ఉండాలి. కానీ చివరి బొమ్మలో ఒకటి ఎక్కువుంది. గొడుగు పిల్ల నోటి పక్కన, చాలా చిన్నది, ఒక్క మాట పట్టేంత.

అందులో రాయాల్సిన మాట 'అయిపోయిందా?' అని నాకు తెలుసు. కలం సిరాలో ముంచాను. చెయ్యి రాలేదు. ఖాళీగానే పంపించేశాను.

అచ్చులో అది ఖాళీగా రాలేదు.