ఫోన్లో మాట్లాడింది ఎవరు?

సాయంత్రం బడి వదిలేసరికి వ్యాన్ దగ్గర ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు.

"మా డ్రైవర్ మావయ్య ఏడీ?" అని అడిగింది డిక్షనరీ. ఆరో తరగతిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఇంగ్లిష్‌లో ఎప్పుడూ ఫస్టే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకునేది కూడా.

"తీసేశారుగా! ఫోన్లో మాట్లాడుతూ బండి నడిపాడట. పాపం, ఒకాయన కాలు విరిగింది."

"అబద్ధం! ఫోన్లో మాట్లాడింది ఆ రోడ్డు దాటే ఆయన!"

"నువ్వే రాసిచ్చావటగా పాపా?"

డిక్షనరీకి తను రాసిన కాగితం గుర్తొచ్చింది. సోమవారం ప్రమాదం జరిగినప్పుడు ముందు సీట్లో ఉన్నది తనొక్కతే. చూసింది తెలుగులో రాసివ్వమన్నారు హెడ్‌మిస్ట్రెస్. తను గొప్పగా ఇంగ్లిష్‌లో రాసింది.

ఒక్క పరుగున ఆఫీసు గదికి వెళ్లింది. హెడ్‌మిస్ట్రెస్ ఫైల్లోంచి ఆ కాగితం జిరాక్స్ కాపీని బయటికి తీసి చదివారు.

"'ద డ్రైవర్ హిట్ ద మ్యాన్ టాకింగ్ ఆన్ ద ఫోన్.' దీన్ని తెలుగులో చెప్పు."

"ఫోన్లో మాట్లాడుతున్న మనిషిని డ్రైవర్ గుద్దాడు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "నేను 'ఫోన్లో మాట్లాడుతూ డ్రైవర్ మనిషిని గుద్దాడు' అని చదివాను. పోలీసులూ అలాగే చదివారు. ఆ ఫోన్ ముక్కను చివర వేలాడదీశావు. అది ఎవరికైనా తగులుకుంటుంది."

"నన్నొక్కసారి అడగలేదేం మేడమ్?"

"అడగాల్సింది," అన్నారావిడ, తల దించుకుని.

గంటలో నాన్నతో కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. బెంచీ మీద డ్రైవర్ మావయ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. వ్యాన్‌లో నోరు మూయకుండా జోకులు వేసే మనిషి, ఆమెను చూసి నవ్వలేదు.

"నేనెప్పుడైనా నిన్ను కసురుకున్నానా తల్లీ?" అన్నాడు మెల్లగా. "నామీద కోపమొచ్చి అలా రాశావా?"

ఆమెకు ఏడుపు ఆగలేదు. "లేదు మావయ్యా. తప్పు రాశాను."

ఎస్సై తెల్ల కాగితం ఇచ్చాడు. "రాసినంత మాత్రాన అంతా అయిపోదమ్మా. విచారణ మళ్లీ మొదటికొస్తుంది. అప్పటిదాకా ఇతను బండి ముట్టుకోకూడదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఈసారి పొడుగు వాక్యం జోలికి పోలేదు. "ద మ్యాన్ వాజ్ టాకింగ్ ఆన్ ద ఫోన్. ద డ్రైవర్ వాజ్ నాట్." దాని కింద అదే తెలుగులోనూ రాసింది.

"సంతకం పెట్టు," అన్నాడు ఎస్సై.

ఆమె పెన్ను పక్కన పెట్టి కాగితం ఆయన ముందుకు జరిపింది.

"ముందు మీరు చదవండి సార్. మీకేం అర్థమైందో నాకు చెప్పండి. అప్పుడు పెడతాను."