తొడుగులు విప్పిన రోజు

ఉదయం పదిన్నరకి సలోమి ఫిన్లండులో ఒక ముసలాయన్ని మంచం మీంచి లేపుతూ ఉండగా, నిడదవోలు జంక్షన్‌లో బండి కూత వేసింది.

ముసలాయన లేవడం మానేసి చెవి రిక్కించాడు. "అది ఏ బండి?"

"ఏదో గూడ్సు లెండి. ముందు కుడికాలు కింద పెట్టండి."

"దానికి పెట్టెలెన్ని గలవు?"

ఫిన్నిష్‌ని తెలుగు చేసి సలోమి చెవిలో పలికే యంత్రం పేరు మాటవారధి. దానికి తెలుగు నేర్పినవాళ్లు పాత పుస్తకాలే ఎక్కువ చదివించినట్టున్నారు. అక్కడి రోగులందరూ గ్రాంథికంలోనే మూలిగేవారు.

ముసలాయన పేరు తౌనో. ఔలు అనే ఊళ్లో రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషనై పది రోజులైనా అడుగు వెయ్యనని మొండికేశాడు. ఇంకో వారం ఇలాగే పడుకుంటే ఇక చక్రాల కుర్చీయేనని డాక్టరు చెప్పేసింది.

"నేను నడవజాలను. నన్ను విడిచిపెట్టుము," అన్నాడు తౌనో.

సలోమి ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ తలుపు దాకా నడిచారనుకోండి, రేపు పెట్టెలు లెక్కపెట్టుకొచ్చి చెప్తాను."

తౌనో తలుపు వంక చూశాడు. "ఇంజను రంగు కూడా చెప్పవలెను," అని కుడికాలు కింద పెట్టాడు.

సలోమి విదేశాలకి వెళ్లాలనే నర్సింగులో చేరింది. ఆమె చేరిన ఏడాదే దూరహస్తాలు వచ్చాయి. అక్కడి ఆసుపత్రిలో మంచం పక్కన, చక్రాల మీద కదిలే రెండు మెత్తటి యంత్రపు చేతులుంటాయి. ఇక్కడ నర్సు స్పర్శ తొడుగులు వేసుకుని, తెర చూస్తూ చెయ్యి కదిపితే అక్కడ అవి కదులుతాయి. దాంతో పై దేశాలు నర్సులకి వీసాలివ్వడం మానేసి, చేతుల్ని మాత్రం పిలిపించుకోవడం మొదలుపెట్టాయి. కాలేజీ కూడా వార్డు శిక్షణ ఎత్తేసి తొడుగుల శిక్షణే పెట్టింది. ఆరేళ్లుగా సలోమి నిడదవోలు స్టేషను దగ్గరి దూరహస్తాల హాల్లో, మరో ముప్పై తొమ్మిది మందితో పాటు కూర్చుని ఫిన్లండులో ఉద్యోగం చేస్తోంది. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు చేపలు కొనుక్కుంటుంది.

మర్నాడు పొద్దున్నే స్టేషను వంతెనెక్కి నిలబడింది. యాభై ఎనిమిది పెట్టెలు, నీలం ఇంజను. తౌనో రెండు తలుపులు దాటాడు. ఆ తర్వాత రోజు బొగ్గు బండి కోసం వరండా చివరిదాకా వెళ్లాడు. హాలు పర్యవేక్షకురాలు మార్తమ్మగారు ఇదంతా చూసి, "ఏవమ్మా, నువ్వు నర్సువా, స్టేషను మాస్టరువా?" అని నవ్వేవారు. ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో హెడ్ నర్సుగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి.

మూడు వారాలకి తౌనో కర్ర సాయంతో ఇంటికెళ్లాడు. "ఆ వంతెనను నేను చూడ వచ్చెదను," అని మాటిచ్చాడు. రోగులు ఇలాంటివి చాలా అంటారు. సలోమి నవ్వి ఊరుకుంది.

ఏప్రిల్ నెలాఖర్లో, మిట్టమధ్యాహ్నం, హాలు గుమ్మంలో ఓ పొడుగాటి తెల్లమనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"సలోమి ఎవరు?" అన్నాడు, మెళ్లో వేలాడేసుకున్న మాటవారధిలోంచి. ఆమె లేచేలోగా మోకాళ్లు వంగి గోడకి జారగిలబడిపోయాడు.

నలభై మంది నర్సులు లేచి నిలబడ్డారు. ఒక్కరూ ముందుకి కదల్లేదు. అందరూ అప్రయత్నంగా తొడుగుల వైపే చూశారు.

"ఏంటర్రా అలా చూస్తారు? ఎండదెబ్బ! నీడలో పడుకోబెట్టండి!" మార్తమ్మగారు అరిచారు.

సలోమి తొడుగులు లాగి పారేసి పరిగెత్తింది. ఇద్దరు సాయంపట్టి ఆయన్ని ఫ్యాను కిందికి చేర్చారు. ఒకరు కాళ్లు ఎత్తి పట్టుకున్నారు, ఒకరు చొక్కా గుండీలు విప్పి తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు. సలోమి మణికట్టు పట్టుకుంది. తొడుగుల్లో అయితే నాడి అంకె కళ్ల ముందు కనిపించేది. ఇక్కడ చర్మమే ఉంది, వేడిగా, ముడతలుగా. ఆమె వేళ్లతో వెతికింది.

"దొరకట్లేదండీ!"

"కంగారు పడకు. ఇంకాస్త బొటనవేలి వైపుకి. ఎక్కువ నొక్కకు."

దొరికింది. వేళ్ల కింద చిన్నగా, వేగంగా కొట్టుకుంటోంది. గోడ గడియారం చూస్తూ సలోమి పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టేటప్పటికి వేగం తగ్గింది. తౌనో కళ్లు తెరిచాడు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగించారు.

ఆయన తన చెయ్యి పట్టుకున్న వేళ్లని చూసి, తిరిగి గట్టిగా పట్టుకున్నాడు. ఆరేళ్లలో ఏ రోగీ ఆమె చెయ్యి ఇలా పట్టుకోలేదు. అక్కడ వాళ్లు పట్టుకునేది యంత్రాన్ని. సలోమికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నీ చేతులు చల్లగానున్నవి," అన్నాడు తౌనో.

"భయంతోనండి బాబూ!" అంది సలోమి. హాలంతా నవ్వింది.

ఆ వారమే పదకొండు మంది నర్సులు, వారానికో రోజు ఊళ్లో ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తామని అర్జీ పెట్టారు. తౌనో వంతెన మీద నాలుగు రోజులు తనివితీరా నిలబడి వెళ్లి, చేతుల్ని కాదు, మనుషుల్నే రప్పించమని ఔలు ఆసుపత్రికి పెద్ద ఉత్తరం రాశాడు. నాలుగు నెలలకి ఆ వార్డు, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, ఇద్దరు నర్సులు స్వయంగా రావాలని ప్రకటన ఇచ్చింది. సలోమి దరఖాస్తు పెట్టింది.

ఇంటర్వ్యూలో వార్డు అధికారిణి తెర మీద కనిపించింది. ఆవిడకి కొత్త మాటవారధి ఇచ్చినట్టున్నారు, తెలుగు కాస్త తేలికపడింది.

"మీరు అక్కడి నుంచే బాగా పనిచేస్తున్నారు కదా. ఇంత చలిలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?"

సలోమి రాసుకొచ్చిన జవాబు కాగితం బల్ల మీద పెట్టేసింది.

"మీ వార్డులో ఆరేళ్లలో పన్నెండొందల మందికి చేశానండి. వాళ్లలో ఒక్కాయన్నే ముట్టుకున్నాను."

అధికారిణి కేలెండరు దగ్గరికి లాక్కుని, ఏ తేదీకి బయల్దేరగలరో అడిగింది.