పాతపాళ్య రోడ్డు మీద జర్మన్ కారు

సునీల్‌కుమార్ చనిపోయింది ఒక మంగళవారం సాయంత్రం. బాగేపల్లి తాలూకాలో, పాతపాళ్యకు రెండు కిలోమీటర్ల ఇవతల, పాల డైరీ దాటాక రోడ్డు పక్క గుంతలో అతని మోటార్ సైకిల్ పడి ఉంది. అతను దానికి పది అడుగుల దూరంలో ఉన్నాడు. హెల్మెట్ పట్టీ పెట్టుకునే ఉంది. చూసినవాళ్ళు లేరు.

పోలీసు రిపోర్టులో మూడు వాక్యాలున్నాయి. మూడోది ఇది: 'సుమారు ఆరు గంటలకు ముందు, అతివేగం వల్ల వాహనం అదుపు తప్పి, చోదకుడు స్వంత నిర్లక్ష్యం చేత మరణించాడు.'

ఊరి దృష్టిలో సునీల్ చింతామణిలో టైర్ల షాపులో పనిచేసే మనిషి. అసలు ఉద్యోగం వేరు. గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్, కోడ్ నంబర్ 31. ఆ సంగతి జిల్లాలో ఇద్దరికే తెలుసు. ఒకరు బాస్ శ్రీరామయ్య. ఇంకొకరు సునీల్‌తో జంటగా పనిచేసిన ఏజెంట్ 32, మంజునాథ. భార్య శశికళకు కూడా తెలియదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక శశికళ మంజునాథను వాకిట్లో ఆపింది. ఆమె బాగేపల్లి తాలూకు కచేరిలో గుమాస్తా. మంజునాథను ఆమె డ్రైవింగ్ స్కూలు నడిపే స్నేహితుడిగానే ఎరుగును.

“అన్నా, ఆయన బండి నలభై దాటించేటోడు కాదు. టమాటా క్రేట్లు కట్టుకున్న మోపెడ్లు కూడా మమ్మల్ని దాటుకొని పోయేటివి. నేను వెనక కూర్చొని సిగ్గుపడేదాన్ని.”

“తెలుసమ్మా.”

“కార్లంటే పిచ్చి. అన్నం తినేటప్పుడు కూడా ఫోన్లో ఆ ఇంజన్ల సద్దు పెట్టుకుండేటోడు. పాటలు పెట్టప్పా అంటే, ఇది పాట కాదా అనేటోడు. అయితే ఏమి, వేగం ట్రాక్ మీదే, రోడ్డు మీద కాదని వందసార్లు చెప్పినాడు.”

మంజునాథ వాకిట్లో చెప్పులు వేసుకోబోయి ఆగాడు.

“ఆ పొద్దు అట్ల ఎందుకు పోయినాడో నేను అడగను. నీకు పోలీసోళ్ళు తెలుసు కదా. 'స్వంత నిర్లక్ష్యం' అనే ఆ ఒక్క మాట తీయించు. నేను రోజూ కాగితాలతోనే పని చేస్తాండాను. కాగితంలో ఏం రాస్తే మనిషి అదే అయిపోతాడన్నా.”

“చూస్తానమ్మా” అన్నాడు మంజునాథ. అంతకంటే ఎక్కువ చెప్పే అధికారం అతనికి లేదు.

*

చిక్కబళ్ళాపుర బస్టాండు వెనక, మేడ మీద ఉన్న డ్రైవింగ్ స్కూలే విభాగానికి ముసుగు. నమ్మకం కలగాలని అక్కడ నిజంగానే డ్రైవింగ్ నేర్పుతారు. ఆరేళ్ళలో నాలుగు వందల మంది లైసెన్సు తీసుకున్నారు. దొరికిన విదేశీ గూఢచారులు ఇద్దరు.

శ్రీరామయ్య గోడ మీది ట్రాఫిక్ గుర్తుల చార్టును వెనక్కి తిప్పాడు. దాని వెనక ఒక కారు ఫోటో ఉంది. బూడిదరంగు. నేలకు అంటుకున్నట్టు వంగిన ముక్కు. వెనక మనిషి భుజం ఎత్తున రెక్క.

“వైస్‌బర్గ్ ఆర్‌టీ. జర్మనీది. ట్రాక్ కోసమనే చేసినారు. దేశానికి ఇదొక్కటే వచ్చింది, ప్రదర్శనకి. వచ్చే ఆదివారం పొద్దున గోపాలప్ప ట్రాక్ మీద డెమో. సోమవారం విమానంలో వెనక్కి.”

“దాంట్లో ఏముండాది సార్?”

“బెంగళూరులో ఒక రక్షణ ల్యాబ్ నుంచి రాడార్ పరీక్షల ఫైలు పోయింది. అది ఆ కారు మెమరీ యూనిట్‌లో ఉండాది. పాపం కంపెనీకి ఏమీ తెలీదు. వాళ్ళ దగ్గర ఇంజనీరుగా చేరినవాడు హార్ట్‌మన్. నార్డ్ అనే ముఠా మనిషి. ఏ దేశం పాస్‌పోర్టు కావాలంటే ఆ దేశం వాడు.”

“ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే?”

“అంతదాకా ఉంచడు. ట్రాక్ మోడ్ ఆన్ చేస్తే ఆ కారు తన పరుగు లెక్కలన్నీ నేరుగా బయటి సర్వర్‌కు పంపుతాది. టెలిమెట్రీ. ఫైలు కూడా దాంట్లో కలిసిపోతాది. నలభై సెకన్లు చాలు.” శ్రీరామయ్య కళ్ళజోడు తీశాడు. “నీ పని ఒకటే. ట్రాక్ మోడ్ ఆన్ కాకముందే మెమరీ తుడిచెయ్. హార్ట్‌మన్‌ను తాకొద్దు. ల్యాబ్‌లో ఫైలు ఇచ్చిన మనిషి ఇంకా దొరకలేదు. ఇక్కడ సద్దు అయితే అక్కడ వాడు మాయమైపోతాడు.”

“లోపల మనవాళ్ళు?”

“రక్షిత. ఆ కారు డెమో డ్రైవర్. నార్డ్ దగ్గరా జీతం తీసుకుంటాది, మన దగ్గరా తీసుకుంటాది. మనది తక్కువ. అయినా మన వైపే ఉండాదని నా నమ్మకం.”

మంజునాథ ఫోటో వైపు చూశాడు. “సునీల్ ఆ మంగళవారం దీని వెనకే పోయుంటాడు సార్.”

“ఆ పొద్దు కారు కంటైనర్ దిగలేదని హార్ట్‌మన్ కస్టమ్స్‌కు రాసిచ్చినాడు.”

“దిగిందని రుజువు తెస్తే రిపోర్టు మారుస్తారా?”

“ముందు తే” అన్నాడు శ్రీరామయ్య.

*

మంజునాథకు కార్ల మీద ఆసక్తి లేదు. అతనికి కారంటే నేర్చుకునేవాళ్ళు బ్రేకు బదులు ఆక్సిలరేటర్ తొక్కే వస్తువు. ఆ వారమంతా అతను సునీల్ పంపిన పాత వాయిస్ మెసేజ్‌లు విన్నాడు. నలభై ఒకటి ఉన్నాయి, ఎక్కువ భాగం ఈ జర్మన్ కారు గురించే. వచ్చినప్పుడు సగం కూడా వినలేదు.

“అన్నా, విను. దీంట్లో డోరు లోపల హ్యాండిల్ లేదు. గుడ్డ పట్టీ ఉండాది, లాగితే తెరుచుకుంటాది. ఎందుకో చెప్పు? బరువు తగ్గించేదానికి. వెనక సీటు లేదు. సౌండ్ ఆపే మెత్త లేదు. అన్నీ తీసేసినారు, తీసేసిందానికి ధర పెంచినారు.” తరువాత నవ్వు.

ఇంకొకటి. “తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా పోతాది. టర్బో లేదు. ఏడు వేలు దాటినాక సద్దు మారుతాది చూడు, అప్పటిదాకా మాట్లాడతా ఉన్న మనిషి ఉన్నట్టుండి పాడినట్టు.”

ముప్పై ఎనిమిదోది మంజునాథ మూడుసార్లు విన్నాడు. “ముందర మూతి నేలకు నాలుగు వేళ్ళెత్తు. రోడ్డు మీద హంపు, అదే స్పీడ్ బ్రేకర్, వస్తే బటన్ నొక్కాల, మూతి లేస్తాది. ఒకసారి నొక్కిన తావు కారు జ్ఞాపకం పెట్టుకుంటాది అన్నా, తేదీ, టైముతో సహా. మళ్ళీ ఆ తావుకు వస్తే దానంతట అదే లేస్తాది. బాగేపల్లి తాలూకాలో తిప్పితే ఒక్క పొద్దుకే దాని బుర్ర నిండిపోతాది.”

పాతపాళ్య రోడ్డులో పాల డైరీ ముందర ఒక హంపు ఉంది. ఊరివాళ్ళే వేసుకున్నది, మోకాలి ఎత్తు.

*

గోపాలప్ప ద్రాక్ష తోట పీకేసి ట్రాక్ వేయించిన రైతు. ఆదివారం ఎనిమిదింటికే అక్కడ రెండు వేల మంది చేరారు. బెంగళూరు నుంచి టోపీలు పెట్టుకున్నవాళ్ళు, చింతామణి నుంచి మండీ వ్యాపారుల పిల్లలు. అందరి చేతుల్లో ఫోన్లు. కారు మీద గుడ్డ తీయగానే అవన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

గోపాలప్ప ఒక షరతు పెట్టాడు. “నా ట్రాక్ మీద పూజ కాకుండా సైకిలు కూడా తిరగదు. జర్మనీది అయితే ఏమప్పా, చక్రాలు ఉండాయి కదా.”

హార్ట్‌మన్ గడియారం చూసి, నవ్వి, పది నిమిషాలు అన్నాడు. సన్నటి మనిషి. కారు అద్దం మీద ఎవరో వేలు పెడితే జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు.

పంచె, విభూతి, పళ్ళెంలో నిమ్మకాయలు, చేతిలో గంట. మంజునాథ పూజారిగా ముందుకు వచ్చాడు. గంట పిడిలో కాపీ పరికరం ఉంది.

ఎర్ర రేసింగ్ సూట్‌లో, జుట్టు ముడివేసుకుని, రక్షిత కారు పక్కన నిలబడి ఉంది. ఫోన్లన్నీ సగం సేపు కారును, సగం సేపు ఆమెను తీస్తున్నాయి.

“అమ్మా, వెనక సీటులో దేవుణ్ణి పెట్టొచ్చా?” అన్నాడు మంజునాథ.

“వెనక సీటు ఇంట్లోనే వదిలి వచ్చినాం స్వామీ” అంది ఆమె. కోడ్ సరిపోయింది. ఆమె తాళం ఇచ్చింది.

మంజునాథ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, డ్రైవర్ సీటులో కూర్చుని, స్టీరింగ్‌కు కుంకుమ పెట్టాడు. తెర వెలిగింది. మూతి లేపిన తావుల పట్టిక తెరిచాడు. పద్నాలుగు ఉన్నాయి. పదమూడు విదేశాల్లోవి. చివరిది పాతపాళ్య రోడ్. మంగళవారం, సాయంత్రం 5.42.

తుడవడానికి రెండు స్విచ్‌లు కలిపి పది సెకన్లు నొక్కిపట్టాలి. కాపీ చేయడానికి నాలుగు నిమిషాలు కావాలి. ఆర్డర్ తుడవమని. కానీ తుడిస్తే ఆ 5.42 కూడా పోతుంది, తెరను ఫోటో తీస్తే రుజువుగా నిలవదు. మంజునాథ గంట పిడి తిప్పి, పిన్ను బయటికి తీసి, స్టీరింగ్ కిందున్న డయాగ్నోస్టిక్ పోర్టులో పెట్టాడు.

రక్షిత కిటికీ దగ్గరికి వంగింది. “ఏం చేస్తాండారు?”

“కాపీ.”

“మీకు చెప్పింది అది కాదు.”

“తెలుసు.”

ఆమె తెర మీది చివరి వరుస చదివింది. “ఆ మంగళవారం నేను బెంగళూరులో ఉన్నా. బుధవారం వచ్చేసరికి కుడి పక్క బంపరు మీద కొత్త స్టిక్కర్ ఉండె. కింద గీత పడింటే తప్ప హార్ట్‌మన్ స్టిక్కర్ వేయనీడు.”

“కోర్టులో చెప్తారా?”

“నేను ఎవరినని చెప్పేది?” అంది. అది ఎదురుప్రశ్న కాదు, నిజంగానే అడిగింది. మంజునాథ తెర వైపు తిరిగాడు.

కాపీ ఇరవై శాతం. హార్ట్‌మన్ టాబ్లెట్ పట్టుకుని వస్తున్నాడు. సరిగ్గా అప్పుడు గోపాలప్ప బూడిద గుమ్మడికాయను తలపైకి ఎత్తి, మూడుసార్లు తిప్పి, కారుకు ఎదురుగా, స్టార్ట్ లైన్ మీదే కొట్టాడు. కొత్త బస్సుకైనా, బోరు లారీకైనా అతను అట్లాగే చేస్తాడు. గుజ్జు, గింజలు, సున్నం కలిపిన కుంకుమ నీళ్ళు తారు మీద రెండు బారల మేర పరుచుకున్నాయి.

హార్ట్‌మన్ ఆగిపోయాడు. దాదాపు నున్నగా ఉండే ఆ టైర్లకు తడి తగిలితే పట్టు ఉండదు. చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

“ఏమంటాండాడు ఈయన?” అన్నాడు గోపాలప్ప.

“జారుతాదంట” అంది రక్షిత.

“దిష్టి తీసినాక ఎట్ల జారుతాది? సరే, కడగండప్పా.”

తోటకు మందు కొట్టే ట్యాంకరు తెచ్చారు. నీళ్ళు పోశాక తడి ఇంకా పెరిగింది. గోనె సంచులతో తుడవడం మొదలుపెట్టారు. యాభై శాతం. డెబ్బై. ఈ లెక్కన సరిపోతుందని మంజునాథకు తొలిసారి అనిపించింది.

హార్ట్‌మన్ ఓపిక అయిపోయింది. కారు కదలకపోయినా అతనికి ఫరవాలేదు. టాబ్లెట్ మీద వేలు పెట్టాడు. మంజునాథ ముందున్న తెర ఎర్రబడింది. ట్రాక్ మోడ్. లింక్ ఒక శాతం.

కాపీ ఎనభై మూడు. పూర్తి కావడానికి నలభై ఒక్క సెకను. ఫైలు బయటికి పోవడానికి నలభై. తుడవడానికి పది. ఏ వైపు నుంచి లెక్క చూసినా సరిపోలేదు. ఏ ఫైలూ మొత్తం చేరకపోతే తెరుచుకోదు. వాళ్ళదైనా, తనదైనా.

లింక్ యాభై. అరవై. రక్షిత కిటికీ అంచు పట్టుకుంది. “స్వామీ.”

లింక్ డెబ్బై నాలుగు దగ్గర మంజునాథ రెండు స్విచ్‌లు నొక్కిపట్టాడు.

పది సెకన్లలో మనిషి చాలా ఆలోచించగలడు. అతను ఏమీ ఆలోచించలేదు. అంకెలు చూశాడు. లింక్ తొంభై తొమ్మిది. కాపీ తొంభై తొమ్మిది. తెర నల్లబడి, తిరిగి వెలిగింది. మూతి లేపిన తావుల పట్టిక ఖాళీగా ఉంది.

హార్ట్‌మన్ టాబ్లెట్‌ను రెండుసార్లు తట్టాడు.

“సిగ్నలా?” అన్నాడు గోపాలప్ప. “ఇక్కడి నుంచి మాకు చిక్కబళ్ళాపురకే ఫోన్ తగల్దు. ఆయనకు జర్మనీకి యాడ తగుల్తాది?”

మంజునాథ పిన్ను లాగేసి, కారు దిగి హారతి ఇచ్చాడు. నిమ్మకాయలు నలిపి కారు కదిలింది.

మూడో చుట్టులో రక్షిత దాన్ని పూర్తిగా వదిలింది. మెయిన్ స్ట్రెయిట్ మీద ఏడు వేలు దాటాక సద్దు మారింది. సునీల్ చెప్పినట్టే మారింది. జనం కేకలు కూడా ఆగిపోయాయి. మంజునాథ పళ్ళెం పట్టుకుని, ఆ సద్దు కొండ మలుపు వెనక్కి పోయేదాకా నిలబడ్డాడు. పక్కనున్న కుర్రవాడెవడో, “స్వామీ, ఏడుస్తాండారా?” అన్నాడు.

“కర్పూరం పొగ” అన్నాడు మంజునాథ.

*

సోమవారం కారు వెళ్ళిపోయింది. గోపాలప్ప వేసిన దండ మెడలో ఉండగానే హార్ట్‌మన్ కూడా వెళ్ళిపోయాడు. రక్షిత అతనితోనే వెళ్ళింది. విభాగం అట్లాగే వెళ్ళమంది.

డ్రైవింగ్ స్కూల్లో శ్రీరామయ్య మంజునాథకు కాఫీ తెప్పించాడు.

“కాపీ ముందు మొదలుపెట్టినావని రక్షిత చెప్పలేదు. నేను అడగలేదు.”

“కాపీ తెరుచుకోలేదు సార్.”

“తెరుచుకున్నా కష్టమే అయ్యుండేది. ఒక టైర్ల షాపు మనిషి కోసం ఆ కారు మెమరీ ఎవడు చూసినాడని కోర్టు అడగదా? ల్యాబ్ మనిషి దొరకనీ. అప్పుడు చూద్దాం.”

“ఎప్పుడు దొరుకుతాడు సార్?”

శ్రీరామయ్య చార్టును తిరిగి ముందుకు తిప్పాడు. పక్క హాల్లో కొత్త బ్యాచ్ వచ్చి కూర్చుంది. వాళ్ళకు మొదటి పాఠం వేగ పరిమితి.

శశికళ ఆ వారం రెండుసార్లు ఫోన్ చేసింది. మంజునాథ ఎత్తలేదు. ల్యాబ్ మనిషి ఇంకా దొరకలేదు. విభాగం ఫైల్లో మిషన్ విజయవంతం అని రాశారు. బాగేపల్లి రిపోర్టులో మూడో వాక్యం మార్చవలసి ఉంది.